రాజకీయం తీసేస్తే మిగిలే దేశం ఏది?

"దేశం వేరు, రాజకీయాలు వేరు బాస్, రెండూ కలపకు." ఈ మాట నాకు ఈ మధ్య తెగ వినపడుతోంది. ఆఫీసులో టీ దగ్గర, పెళ్ళి భోజనాల దగ్గర, సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన కజిన్స్ దగ్గరైతే ఇంకాస్త గట్టిగా. వినడానికి బానే ఉంటుంది. న్యూస్ చూసి కడుపు మండినా దేశం మీద ప్రేమ తగ్గిపోకుండా మధ్యలో ఒక గోడ కట్టుకోవడం అన్నమాట. గోడకి ఇవతల చంద్రయాన్, టీ20 కప్పు, సియాచిన్‌లో సైనికుడు, తిరుమల కొండ. అవతల ఎమ్మెల్యేలు, నోట్ల కట్టలు, అసెంబ్లీలో బూతులు. ఇవతలి వాటికి గర్వపడు, అవతలి వాటిని తిట్టుకో, హాయిగా పడుకో.

నేనూ చాలా ఏళ్ళు ఇలాగే నెట్టుకొచ్చా. ఇప్పుడు కుదరట్లేదు. న్యూస్ మరీ దరిద్రంగా తయారైందని కాదు (అయిందనుకోండి, అది వేరే), ఆ గోడ కట్టిన చోటే తప్పని అనిపిస్తోంది. ఎందుకో చెప్తా.

ముందు నా కడుపుమంట సంగతి చెప్పేస్తా, లేకపోతే వీడు ఏ పార్టీ మనిషో అని వెతుకుతారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో సాక్షాత్తూ ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ లేచి నిలబడి ఆంధ్రాకి ఐదేళ్ళు ప్రత్యేక హోదా అన్నారు, అప్పుడు ఎదుటి బెంచీల్లో ఉన్నవాళ్ళు ఐదేం సరిపోతాయి పదేళ్ళు కావాలన్నారు, తీరా వాళ్ళే అధికారంలోకి వచ్చాక హోదా అనేదే ముగిసిన అధ్యాయం పొమ్మన్నారు. రాష్ట్రంలో ఉన్నవాళ్ళు ముందు ప్యాకేజీకి సరే అన్నారు, ఎలక్షన్లు దగ్గర పడ్డాక అదే హోదా కోసం దీక్షలకి కూర్చున్నారు. వాళ్ళని దించి ఎక్కినవాళ్ళు ఎంపీలనివ్వండి కేంద్రం మెడలు వంచుతాం అన్నారు, 25కి 22 ఇచ్చాం, ఏ మెడా వంగలేదు. ఇందులో తప్పు చేయని పార్టీ ఏదో నాకు చూపించండి.

అమరావతి కథ ఇంకా బాధ. 33 వేల ఎకరాలకి పైగా రైతులు చేతులారా ఇచ్చారు, 2015 అక్టోబర్ 22న ప్రధాని వచ్చి మట్టీ యమునా జలం ఇచ్చి పునాదిరాయి వేశారు, నాలుగేళ్ళు తిరిగేసరికి కాదు మూడు రాజధానులన్నారు, ఇచ్చిన రైతులు టెంట్ల కింద కూర్చున్నారు, 2022 మార్చిలో హైకోర్టు ఇది కుదరదంది, 2025 మే 2న మళ్ళీ అదే ప్రధాని వచ్చి పనులు మళ్ళీ మొదలుపెట్టారు. పదేళ్ళు పోయాయి. ఎవరి పదేళ్ళు అంటే, 2015లో ఇంటర్ చదివిన పిల్లోడివి. వాడు ఈపాటికి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగంలో ఉండి ఉంటాడు, రాజధాని కట్టేదాకా వాడి వయసు ఆగదు కదా.

ఇక గోడ దూకుళ్ళు. 2014 తర్వాత వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మందిని టీడీపీ లాక్కుంది, వాళ్ళలో నలుగురికి మంత్రి పదవులు కూడా ఇచ్చింది. 2019లో టీడీపీకి సరిగ్గా 23 సీట్లే వచ్చాయని జనం నవ్వుకున్నారు, నవ్వుకోడానికి బానే ఉంది గానీ మధ్యలో ఆ నియోజకవర్గాల వాళ్ళు వేసిన ఓట్ల సంగతేంటి? తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెస్‌కి మిగిలిన 18 మంది ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో 'విలీనం' అయ్యారు. పద్దెనిమిదిలో పన్నెండు, ఎక్కాల పుస్తకం దగ్గర పెట్టుకుని చేసినట్టు మూడింట రెండు వంతులు, ఒక్కడు తగ్గినా చట్టం ఒప్పుకోదు కాబట్టి. 2024లో చక్రం తిరిగింది, అదే పార్టీ నుంచి పది మంది కాంగ్రెస్ వైపు నడిచారు, అప్పుడు చేసినవాళ్ళు ఇప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అన్నారు. ఖూనీయే. రెండుసార్లూ ఖూనీయే.

ఎవరిచ్చారో బయటపడకుండా పార్టీలకి చందాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల గురించి ఎక్కువ చెప్పను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక లిస్టు బయటికొస్తే మన రెండు రాష్ట్రాల ప్రాంతీయ పార్టీలకి కూడా వందల కోట్లు ముట్టినట్టు తేలింది. ఢిల్లీ వాళ్ళు దొంగలు మనోళ్ళు అమాయకులు అనుకునే ఛాన్స్ కూడా లేకుండా పోయింది.

సరే, ఇదంతా చదివాక ఎవరికైనా ఆ గోడ కట్టుకోవాలనే అనిపిస్తుంది. కట్టి చూద్దాం. రాజకీయం వాసన తగలని దేశం ఎంత మిగులుతుందో చూద్దాం.

ఇస్రో మిగులుతుంది అంటారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం నేనూ ఫోన్ పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నా, చంద్రుడి మీద విక్రమ్ దిగగానే పక్కన ఉన్న పరిచయం లేని మనిషిని కౌగిలించుకున్నా, అందులో డౌటేం లేదు. కానీ ఆ రాకెట్ ఎగిరిన శ్రీహరికోట ఎక్కణ్ణుంచి వచ్చింది? తిండి గింజలు ఓడల్లో దిగుమతి చేసుకుంటున్న రోజులు దాటీ దాటక ముందే, ఈ పేద దేశానికి ఉపగ్రహాలెందుకు అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకుంటూ, జనం పన్నుల డబ్బు దాని మీద పెట్టాలని ఎవరో నిర్ణయం తీసుకున్నారు. 1979లో ఎస్ఎల్వీ-3 రాకెట్ సముద్రంలో పడింది, అయినా డబ్బులాపలేదు, 1980 జులైలో రోహిణి ఉపగ్రహం పైకెళ్ళింది. పడిపోయిన దానికి మళ్ళీ బడ్జెట్ ఇవ్వడం రాజకీయం కాకపోతే ఏంటి? అదే దీవిలో తరాలుగా బతికిన యానాదుల్ని ఖాళీ చేయించడం కూడా రాజకీయమే, అది కూడా గుర్తు పెట్టుకోవాలి, చప్పట్లు కొట్టేటప్పుడు ఎవరూ గుర్తు చేయరు.

సైన్యం సంగతీ అంతే. మన చుట్టూ దేశాల్లో జనరల్స్ ట్యాంకులేసుకుని వచ్చి ప్రభుత్వాల్ని కూల్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి, మన దగ్గర ఒక్కసారి కూడా జరగలేదు. సైనికుడి ధైర్యం అతనిది. జనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వం మాట అతను వినే పద్ధతి మాత్రం రాజకీయ నాయకులు కట్టిందే, మనం పొద్దున లేస్తే తిట్టే జాతి వాళ్ళు.

జెండా? పింగళి వెంకయ్య గారు భట్లపెనుమర్రు మనిషి, ఆయన జెండా నమూనాని గాంధీ చేతికిచ్చింది 1921లో బెజవాడలో, ఒక పార్టీ మీటింగులో. పార్టీ మీటింగులో పుట్టిన జెండా పట్టుకుని నాకు రాజకీయాలు పడవు అంటే ఎలా? స్కూల్లో రోజూ చేయి చాపి చెప్పిన ప్రతిజ్ఞ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టి విశాఖలో ట్రెజరీ ఆఫీసర్‌గా చేస్తూ 1962లో రాశారు. అందులో మన వారసత్వ సంపద నాకు గర్వకారణం అని ఒక వాక్యం ఉంటుంది, ఆ వెంటనే దానికి తగ్గట్టు ఉండటానికి కష్టపడతాను అని ఇంకోటి ఉంటుంది. ప్రేయర్ టైంలో రెండో దానికి వచ్చేసరికి మా క్లాసు మొత్తం చేతులు దించేసేది, ఎండ ఎక్కువని.

నాకు నిజంగా గర్వంగా అనిపించే విషయాలు లెక్కేసుకుంటే మొదటిది 1952 నాటి తొలి ఎలక్షన్. మిగతావన్నీ దాని తర్వాతే. సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు, వాళ్ళలో చాలామందికి సంతకం రాదు, సుకుమార్ సేన్ అనే ఎన్నికల కమిషనర్ ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టించి, పెట్టె మీద గుర్తు అంటించి, చదువు రానోడు కూడా ఎవరి సాయం లేకుండా ఓటేసేలా చేశాడు. ఓటర్ల లిస్టు రాసేటప్పుడు ఎంతోమంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు, ఫలానా ఆయన భార్యని, ఫలానా వాడి అమ్మని అన్నారు. అలా అయితే కుదరదని దాదాపు 28 లక్షల పేర్లు తీసేశారు. అన్యాయంలాగే ఉంటుంది, కానీ తర్వాతి ఎలక్షన్‌కి వాళ్ళు సొంత పేర్లు చెప్పుకుని వచ్చారు. ఒక దేశం తన ఆడవాళ్ళని నీ పేరేంటి అని పట్టుబట్టి అడగడం, నాకైతే చంద్రుడి మీద దిగడం కంటే తక్కువేం కాదనిపిస్తుంది.

అదే ఎలక్షన్‌లో నల్లగొండ. తెలంగాణ సాయుధ పోరాటం ఆపేసింది 1951 అక్టోబర్‌లో. అప్పటిదాకా అక్కడి పల్లెల్లో ఒక పక్క గెరిల్లా దళాలు, ఇంకో పక్క మిలిటరీ క్యాంపులు. కొద్ది నెలల్లోనే ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ (కమ్యూనిస్టులు నిలబడ్డ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నల్లగొండ నుంచి లోక్‌సభకి నిలబడితే నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. నిన్నటిదాకా తుపాకీతో ఎదిరించిన ప్రభుత్వం పెట్టిన పెట్టెల్లోనే జనం ఓట్లేశారు, ఆ ప్రభుత్వం వాటిని సరిగ్గా లెక్కపెట్టి, నువ్వే గెలిచావ్ వచ్చి పార్లమెంటులో కూర్చో అంది. ఇక్కణ్ణుంచి రాజకీయాన్ని తీసేసి చూడండి, ఏం మిగులుతుంది? మ్యాప్ మిగులుతుంది.

అందుకే దేశం వేరు రాజకీయం వేరు అనేవాళ్ళతో నాకు పేచీ. వాళ్ళు రాజకీయంలో మంచిదంతా దేశం ఖాతాలో వేసి, చెడ్డదంతా నాయకుల ఖాతాలో వేస్తారు. మరి ఆ నాయకులు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు?

మా పిన్ని గుంటూరు వైపు ఒక గవర్నమెంటు స్కూల్లో టీచర్. 2024 మే 13న ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ పడింది. ముందు రోజు ఎండలో డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో టెంటు కింద సామాను లెక్క చూసుకుని, అసెంబ్లీకి ఒక మిషను, పార్లమెంటుకి ఒక మిషను, ఓటు ఎవరికి పడిందో స్లిప్పు చూపించే వీవీప్యాట్లు, సీళ్ళు, కట్టల కొద్దీ ఫారాలు, అన్నీ బస్సెక్కించుకుని సాయంత్రానికి ఊరు చేరి స్కూలు వరండాలో పడుకున్నారు. ఫ్యాన్ లేదు, బాత్రూముకి పక్కింటి వాళ్ళని అడుక్కోవాలి. పొద్దున్నే ఐదున్నరకి ఏజెంట్లని కూర్చోబెట్టి మాక్ పోల్, యాభై ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, మిషన్ క్లియర్ చేసి, ఆ స్లిప్పులన్నీ ఏరి వాటి వెనకాల స్టాంపు కొట్టి నల్ల కవర్లో పెట్టి సీలు వేసి అందరితో సంతకాలు చేయించాలి. ఇదంతా ఏడు కొట్టేలోపు. బయట అప్పటికే లైను. సాయంత్రం ఆరయ్యేసరికి గేటు లోపల ఉన్నవాళ్ళందరికీ చీటీలిచ్చి కూర్చోబెట్టారు, చివరి ఓటు పడేసరికి రాత్రి భోజనాల వేళ కూడా దాటిపోయింది. అదే రోజు పల్నాడులో గొడవలని వార్తలు, అందుకని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అక్కడ ఒక బూత్‌లో ఈవీఎం ఎలా పగిలిందో తర్వాత దేశమంతా వీడియోలో చూసింది.

తర్వాత ఎప్పుడో అడిగా. "ఎందుకు పిన్నీ ఈ చాకిరీ, ఒంట్లో బాలేదని సర్టిఫికెట్ పెట్టేయొచ్చుగా."

"అందరం అదే పెడితే చేసేదెవర్రా. అయినా నాకు ఎవరు గెలుస్తారో పట్టదు నాన్నా, 17ఏ రిజిస్టర్లో సంతకాలెన్నో మిషన్లో ఓట్లన్నే ఉండాలి, అక్కడ ఒక్కటి తేడా వచ్చినా నాకు నిద్ర పట్టదు, అంతే."

"మరి ముందు రోజు రాత్రి ఆ ఊళ్ళో డబ్బు కవర్లు పంచారా?"

"పంచకుండా ఎందుకుంటారు, మేం పడుకున్న వరండా ముందు నుంచే బండ్లు తిరిగాయి. మీ బాబాయ్ చేతిలో కూడా పెట్టిపోయారంట, రెండు పార్టీలోళ్ళూ." బాబాయ్ ఏం చేశాడో నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఒకే ఊరు, ఒకే రాత్రి. ఒక పక్క నల్ల కవర్లు రెడీ పెట్టుకున్న టీచరమ్మ, ఇంకో పక్క తెల్ల కవర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్ళు. ఇందులో ఏది దేశం, ఏది రాజకీయం? నా వల్ల కాదు విడదీయడం. ఆ కుర్రాళ్ళలో కొందరు పిన్ని దగ్గర చదువుకున్న పిల్లలే అయ్యుంటారు.

కవర్ల గురించి ఒక మాట. ఓటుకి డబ్బు తీసుకునే జనం వల్లే దేశం నాశనమైందని కార్లలో తిరిగేవాళ్ళు ఈజీగా అనేస్తారు. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు మాకు కవర్లు రాలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చూసి నాకూ తల కొట్టేసినట్టైంది. కానీ ఆలోచిస్తే, అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి లిమిట్ 40 లక్షలు, వాళ్ళు పెట్టేది కోట్లలో అని టీ కొట్టు వాడికి కూడా తెలుసు, ఆ కోట్లు రేపు ఇసకలోనో కాంట్రాక్టుల్లోనో మన దగ్గరే లాగుతారని కూడా తెలుసు. ఐదేళ్ళలో ఆ నాయకుడి నుంచి గ్యారంటీగా చేతికొచ్చేది ఆ కవరొక్కటే అయినప్పుడు కూలి పనికెళ్ళే మనిషి దాన్ని వెనక్కిస్తే వచ్చే లాభమేంటో నేను చెప్పలేను. పైగా చాలామంది రెండు కవర్లూ తీసుకుని తమకి నచ్చినోడికే గుద్దుతారు. తప్పు కాదనట్లేదు, తప్పే. కానీ కవరు తీసుకుని లైన్లో మూడు గంటలు నిలబడిన ముసలమ్మ కంటే, కవరు ముట్టకుండా ఓటు కూడా వేయకుండా ఏసీలో కూర్చుని ఈ దేశం బాగుపడదు అనే మనిషి ఏ రకంగా ఎక్కువో నాకర్థం కాదు. అదే మే 13న ఆంధ్రాలో పోలింగ్ 80 శాతం దాటింది, హైదరాబాద్ లోక్‌సభ సీటులో సగం కూడా రాలేదు.

ఇంకో రకం వాళ్ళున్నారు. ఏది ప్రశ్నించినా దేశాన్ని తిడతావా అని మీద పడతారు. వీళ్ళు గోడ కట్టుకోరు, సర్కారునే దేశం అనుకుంటారు, అదీ వాళ్ళకి నచ్చిన సర్కారు ఉన్నంత వరకే. వీళ్ళకి 1984 గుర్తు చేయాలి. ఆ ఏడు ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెడితే, రాజ్యాంగం పేరు చెప్పే చేశారు. జనం ఒప్పుకోలేదు. నెల రోజులు రోడ్ల మీదే ఉన్నారు, మెజారిటీ ఎమ్మెల్యేలు రాష్ట్రపతి భవన్ ముందుకెళ్ళి నిలబడ్డారు, సెప్టెంబర్ 16కల్లా ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి. ఢిల్లీ సర్కారుని ఎదిరించి వీళ్ళు కాపాడింది దేశాన్నే కదా. అలాగని దాన్ని దేవుడి కథలా కూడా చెప్పలేం. ఎమ్మెల్యేల్ని వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళి కాపలా పెట్టే క్యాంపు రాజకీయం మనవాళ్ళకి బాగా వంటబట్టింది కూడా అప్పుడే. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది, 1995 ఆగస్టులో అదే ఎన్టీఆర్‌ని సొంత పార్టీ వాళ్ళే వైస్రాయ్ హోటల్ క్యాంపు నుంచి దించేశారు. ఒక్క మనిషి కథలోనే గర్వమూ సిగ్గూ రెండూ ఉన్నాయి, ఒకటి ఉంచుకుని ఇంకోటి పారేద్దామంటే రావు.

మరి ఇలాంటప్పుడు గర్వం అనేది ఎలా మిగులుతుంది అంటే, నా వరకు అది సైజు తగ్గించుకుని మిగిలింది. దేశం మొత్తం మీద ఒక్కసారిగా పొంగిపోవడం ఇప్పుడు రాదు. ఫలానా పని, ఫలానా చోట, ఫలానావాళ్ళు చేశారు అంటేనే వస్తుంది. 2011 జనవరి తర్వాత ఈ దేశంలో ఒక్క పిల్లాడికి కూడా సహజ పోలియో రాలేదంటే, దాని వెనక ఐస్ బాక్సు భుజాన వేసుకుని గడపగడపకీ తిరిగి పిల్లల నోట్లో చుక్కలేసి వేలికి గుర్తు పెట్టిన ఆడవాళ్ళున్నారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అందులో దొంగ మస్టర్లు (పనికి రానివాళ్ళు వచ్చినట్టు రాసే హాజరు పట్టీలు) వెంటనే మొదలయ్యాయి, అది మన టాలెంటు. కానీ ఆ దొంగతనం పట్టుకోడానికి సోషల్ ఆడిట్‌ని మిగతా రాష్ట్రాల కంటే ముందు గట్టిగా నడిపింది కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఊళ్ళో చదువుకున్న పిల్లలు రికార్డులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చివర్లో అందరి ముందూ మైకులో చదివేవాళ్ళు, ఫలానా వారం ఫలానా వాళ్ళు పనికొచ్చినట్టు రాశారు నిజమేనా అని. చచ్చిపోయిన మనిషి పేరు మస్టర్లో పలికితే జనం గొల్లుమనేవాళ్ళు, ఫీల్డ్ అసిస్టెంట్ మొహం దాచుకునేవాడు. డబ్బులన్నీ తిరిగి రాలేదు, శిక్షలు చాలా తక్కువ మందికే పడ్డాయి. అయినా కూలీకెళ్ళే మనిషి గవర్నమెంటు రిజిస్టర్ ముందు నిలబడి ఇది అబద్ధం అని అనగలిగింది. ఎప్పుడైనా జరిగిందా అంతకుముందు?

రాజకీయం మీద ఆశ వదులుకుని దేశాన్ని ప్రేమిస్తూ ఉంటా అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, మీరు ఇలాంటి వాటినన్నిటినీ కూడా వదిలేసుకుంటున్నారు. మిగిలేది క్రికెట్. దానికీ టికెట్లు దొరకవు.

మా నియోజకవర్గంలో ఒకాయన ఒక గుర్తు మీద గెలిచి రెండేళ్ళకి కండువా మార్చాడు, పేరెందుకులెండి. తర్వాతి ఎలక్షన్‌కి కొత్త కండువాతో మా వీధిలోకి వస్తే హారతులిచ్చారు, పూలు చల్లారు, డప్పులు. ఆ గోలలో మా వెనకింటి పెద్దాయన, రిటైరైన ఆర్టీసీ కండక్టరు, అరుగు దిగొచ్చి "పోయినసారి మేం గుద్దిన గుర్తు ఇది కాదు గదయ్యా, మరి మా ఓటు వాపస్ ఇచ్చావా?" అన్నాడు. ఆయనేమో నవ్వి, నియోజకవర్గం అభివృద్ధి కోసం బాబాయ్ అని దండం పెట్టి జీపెక్కాడు. గెలిచాడు కూడా, మంచి మెజారిటీతోనే. మా బూత్‌లో మాత్రం ఆయనకి తక్కువ పడ్డాయి. ఫారం 20 అనే ఫలితాల షీటులో ఎవరికెన్ని ఓట్లో బూత్‌ల వారీగా ఉంటుంది, ఎవరైనా తీసి చూసుకోవచ్చు.